లినక్స్ వేస్తే మన డేటా మన దగ్గరే ఉంటుందా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటినుంచి హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల సర్వీస్ సెంటర్లలో తరచూ వినబడే మాట ఒకటుంది: "అన్నా, దీనికి పదకొండు ఎక్కుతదా?" చాలావాటికి ఎక్కదు. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి పైది కావాలి. అన్న బీటెక్‌లో చేరినప్పుడు కొన్న ఆరో జనరేషన్ ఐ5 ఇప్పుడు ఇంటర్ చదివే చెల్లె చేతికొచ్చి ఉంటుంది. కీబోర్డు బాగుంటుంది, స్క్రీన్ బాగుంటుంది, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇంకా కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. దాన్ని పాత సామాన్ల కింద అమ్మేయడానికి మనసొప్పదు. అప్పుడే తెలిసినవాళ్లు ఎవరో విండోస్ బదులు వేసుకునే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెబుతారు: "లినక్స్ వేసుకో. ఫ్రీ, ఓపెన్ సోర్స్, వైరస్‌లు రావు, ప్రైవసీ కూడా ఉంటది."

ఈ నాలుగు మాటలూ ఎప్పుడూ కలిసే వస్తాయి కాబట్టి నాలుగూ ఒకటే అనుకుంటాం. డబ్బు కట్టక్కర్లేకపోవడం ఒక సంగతి. ప్రోగ్రామ్ కోడ్ ఎవరైనా తెరిచి చూడగలగడం ఇంకొకటి. దాడులకు తట్టుకోవడం మూడోది. మన సమాచారం మనకు తెలియకుండా బయటికి పోకపోవడం నాలుగోది. ఒకటి ఉంటే మిగతావన్నీ ఉన్నట్టు కాదు. నన్నడిగితే ఆ పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్ వేయమనే గట్టిగా చెబుతాను. కాకపోతే అది ఎక్కడిదాకా కాపాడుతుందో, ఎక్కడ దాని చేతిలో ఏమీ ఉండదో తెలుసుకుని వేసుకోవాలి. అది తెలియాలంటే మన ఫైలు ఒకటి వెళ్లే దారి వెంట నడుస్తూ, ఏ చోట ఎవరికి ఏం కనబడుతుందో చూడాలి.

స్కాలర్‌షిప్ అప్లికేషన్‌నే తీసుకుందాం. పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చి కాకతీయ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఈ-పాస్ సైట్‌లో అప్లై చేస్తుంది. ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, పదో తరగతి మెమో కావాలి. ఫోన్‌తో ఫొటోలు తీసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, సైజు తగ్గించి, అప్‌లోడ్ చేసి, జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించి కాలేజీలో ఇస్తుంది. ఒక మనిషి గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ ఐదు కాగితాల్లో ఉంటుంది.

మొదటి చోటు ఆ ల్యాప్‌టాపే. విండోస్ తన కంపెనీకి డయాగ్నస్టిక్ సమాచారం పంపుతుంది. అందులో తప్పనిసరి, ఐచ్ఛికం అని రెండు రకాలున్నాయి. ఇళ్లలో వాడే ఎడిషన్లలో తప్పనిసరి భాగాన్ని పూర్తిగా ఆపడానికి సెట్టింగ్ లేదు. అయితే అందులో వెళ్లేది ప్రధానంగా మెషీన్ వివరాలు, ఎర్రర్లు, అప్‌డేట్ల సంగతులు. ఆధార్ ఫొటో దాన్లో వెళ్లదు, లేని భయం పెట్టడం నాకిష్టం లేదు. ఫొటో వెళ్లేది వేరే దారిలో. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్నదంతా క్లౌడ్‌కి పోతుంది. ఆ బ్యాకప్ ఆన్‌లో ఉందన్న సంగతి చాలామందికి "స్టోరేజ్ నిండిపోయింది" అన్న మెసేజ్ వచ్చేదాకా తెలియదు. 2024 మేలో ఇదే కంపెనీ రీకాల్ అనే సదుపాయాన్ని ప్రకటించింది. స్క్రీన్ మీద కనబడేదాన్ని కొన్ని క్షణాలకోసారి ఫొటో తీసి, తర్వాత వెతుక్కునేలా దాచిపెడుతుందది. పెద్ద ఎత్తున అభ్యంతరాలు రావడంతో వాయిదా వేసి, మనం ఒప్పుకుంటేనే ఆన్ అయ్యేలా మార్చి, 2025 ఏప్రిల్‌లో కొత్త రకం కంప్యూటర్లకు మాత్రమే ఇచ్చారు. మన పాత ల్యాప్‌టాప్‌లకు అది రాదు. కానీ మన మెషీన్‌లో ఏం ఉండాలో మొదట నిర్ణయించేది ఎవరన్నది దాంతో తేలిపోతుంది.

మన దగ్గర మాత్రం దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఫార్మాట్ కొట్టించినప్పుడు వేసే విండోస్‌లో ఎన్ని అసలైనవి? లైసెన్స్ కొనకుండా యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి పని కానిస్తారు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటుంది, తర్వాత అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ అడుగుతుంది. రెండూ ఇచ్చేశాక ఆ ప్రోగ్రామ్ ఆ కంప్యూటర్‌లో ఏం చేసినా అడిగేవాళ్లుండరు. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు తీసుకోవచ్చు, టైప్ చేసే ప్రతి అక్షరం చదవొచ్చు. వేసిన కుర్రాడు మంచివాడే అయ్యుంటాడు. అతనికీ అది ఎవరి దగ్గర్నుంచో పెన్‌డ్రైవ్‌లో వచ్చిందే, అందులో ఏముందో అతనికీ తెలియదు. ఆ తర్వాత క్రాక్ చేసిన ఫొటోషాప్, క్రాక్ చేసిన డౌన్‌లోడ్ మేనేజర్ అదే దారిలో వస్తాయి.

నా దృష్టిలో మనలాంటి ఊళ్లలో లినక్స్ వల్ల అన్నిటికంటే పెద్ద మేలు ఇక్కడే. క్రాక్ అవసరం పూర్తిగా పోతుంది. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, ఉదాహరణకి లినక్స్ మింట్. 2006 నుంచి ఉన్న ఈ సిస్టమ్‌కి అకౌంట్ అక్కర్లేదు, యాక్టివేషన్ కీ అక్కర్లేదు. ప్రోగ్రామ్‌లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. సిస్టమ్ ప్యాకేజీ ఏది ఎక్కించినా డిజిటల్ సంతకం సరిపోయిందో లేదో చూసుకున్నాకే ఎక్కుతుంది. 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసుకోవచ్చు, తేలిగ్గా ఉంటుంది.

అయితే కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టి మోసం జరగదు అనుకోవడం పొరపాటు. లినక్స్‌లోనే ఇంకో రకమైన ఉబుంటులో 2012లో వచ్చిన 12.10 వెర్షన్ గుర్తుందా? అది ఓపెన్ సోర్సే. అయినా మనం మన కంప్యూటర్‌లో ఫైలు కోసం వెతికితే, ఆ వెతికిన మాటలు కంపెనీ సర్వర్ మీదుగా వెళ్లి అమెజాన్ వస్తువులు తెచ్చి చూపించేవి. జనం గట్టిగా నిలదీశారు. చివరికి 2016లో వచ్చిన 16.04లో దాన్ని మొదటినుంచే ఆఫ్‌లో ఉంచారు. ఆండ్రాయిడ్ మూల కోడ్ కూడా ఓపెన్ సోర్సే, దాని మీద నడిచే గూగుల్ సర్వీసులు మాత్రం కావు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం సంగతి ఇంకో రకం. మనకీ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దాచడానికి ఇంటర్నెట్‌లో ఎన్నో సైట్లు నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో ఆ తప్పు రెండేళ్లపాటు అందరి కళ్లముందే ఉంది. చూడగలిగేవాళ్లు ఎందరున్నా, కూర్చుని చూసినవాళ్లు లేరు.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఒక్క మనిషి తన తీరిక వేళల్లో జీతం లేకుండా చూసుకుంటున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, అతనితో సమానంగా బాధ్యత తీసుకున్నారు. తర్వాత 5.6.0, 5.6.1 వెర్షన్లలో టెస్ట్ ఫైళ్ల చాటున దొంగదారి పెట్టారు. అది అన్నిచోట్లకీ చేరి ఉంటే ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి చొరబడే వీలుండేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వేరే పని మీద కొలతలు తీసుకుంటూ, రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ పోయి దొంగదారిని పట్టేశాడు. అప్పటికి అది ప్రధానంగా పరీక్ష దశ వెర్షన్లలోకీ, కొత్త ప్యాకేజీలు ఎప్పటికప్పుడు ఎక్కించే కొన్ని లినక్స్‌లలోకీ మాత్రమే వెళ్లింది. మామూలు జనం వాడే మింట్, ఉబుంటు స్థిర వెర్షన్లకు చేరలేదు.

ఈ ఘటన ఓపెన్ సోర్స్ బలహీనతనీ బలాన్నీ రెండింటినీ చూపిస్తుంది. జీతం లేని ఒక్క మనిషి మీద అంత బరువు పెట్టడం బలహీనత. కానీ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే మనిషి, ఎక్స్‌జెడ్‌తో అతనికి ఏ సంబంధమూ లేదు. అయినా అనుమానం రాగానే ఎవర్నీ అడగకుండా లోపలికెళ్లి చూడగలిగాడు. అదే కోడ్ మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ అయితే "కొంచెం స్లోగా ఉంది" అని ఫిర్యాదు రాసి ఊరుకోవాల్సి వచ్చేది. కోడ్ తెరిచి ఉండటం మనల్ని దానంతటదే కాపాడదు. కాపాడాలనుకునే మనిషికి దారి ఇస్తుంది, అంతే. ఆ దారి ఉండటం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకు స్థానంలో దొంగదారి ఉన్న ఫైలుకి లింకు పెట్టారు. అందుకే ఐఎస్ఓ అనే ఇన్‌స్టాల్ ఫైలు దింపుకున్నాక దాని చెక్‌సమ్, అంటే ఫైలు మారిపోలేదని చూపే గుర్తు సంఖ్య, సరిపోయిందో లేదో చూడాలి. ఎలా చూడాలో మింట్ సైట్‌లోనే వివరంగా ఉంది, పది నిమిషాల పని. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్‌ని చూడకుండా వేసుకుంటే, క్రాక్ విండోస్ వేయించుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

రెండో చోటు బ్రౌజర్. లినక్స్ వేసి, అందులో క్రోమ్ పెట్టి, గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే, ఈ చోట ఏమీ మారలేదు. సైట్లలో ఉండే ప్రకటనల కంపెనీలకు కింద నడిచేది ఏ సిస్టమైనా ఒకటే. కుకీల ద్వారా, స్క్రీన్ సైజు, ఫాంట్ల వంటి వివరాలు కలిపి చేసే ఫింగర్‌ప్రింటింగ్ ద్వారా మనల్ని ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి గుర్తుపడతారు. నిజం చెప్పాలంటే లినక్స్ వాడేవాళ్లు తక్కువ కాబట్టి ఈ గుర్తుపట్టడం ఒక్కోసారి ఇంకా తేలిక. ఇన్‌కాగ్నిటో పెట్టుకున్నా సైట్లకు కనబడతాం. ఈ విషయం మీదే అమెరికాలో గూగుల్‌పై కేసు నడిచి, 2024 ఏప్రిల్‌లో రాజీలో భాగంగా కోట్లాది రికార్డులు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. మింట్‌తో పాటే వచ్చే ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను, ట్రాకర్లను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలా తేడా తెలుస్తుంది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చాక పూర్తి యూబ్లాక్ అందులో పనిచేయడం లేదు.

నెట్ ఇచ్చే ఆపరేటర్‌కి మనం ఏ సైట్‌కి వెళ్లామో మామూలుగా తెలుస్తుంది. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే లోపల ఏం నింపామో తెలియదు. మన నెట్‌ని వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ పెట్టుకుంటే ఆపరేటర్ బదులు వీపీఎన్ కంపెనీకి ఆ సంగతి తెలుస్తుంది.

ఇక సైజు తగ్గించే పని. నా ఉద్దేశంలో ఇది ఎవరూ పట్టించుకోని పెద్ద లీకు. సైట్ తక్కువ కేబీలే తీసుకుంటానంటుంది, ఫోన్ ఫొటో మాత్రం మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. చివరి తేదీ దగ్గరపడి టెన్షన్‌లో "ఫొటో సైజు తగ్గించడం ఎలా" అని వెతికి, మొదట వచ్చిన సైట్‌లో ఆధార్, పాస్‌బుక్ అప్‌లోడ్ చేసేస్తారు. ఆ సైట్ ఎవరిదో, ఏ దేశంలో ఉందో, ఫైలు ఎన్నాళ్లు ఉంచుకుంటుందో అప్‌లోడ్ చేసేవాళ్లకు తెలియదు. ఈ పని సొంత ల్యాప్‌టాప్‌లోనే అవుతుంది. ఫొటోలు దిద్దే గింప్ అనే ప్రోగ్రామ్‌లో ఫొటో తెరిచి, స్కేల్ ఇమేజ్‌లో వెడల్పు వెయ్యి పిక్సెళ్లకి తగ్గించండి. జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్ పెడితే, క్వాలిటీ మీటను జరుపుతున్నకొద్దీ ఫైలు ఎన్ని కేబీలు అవుతుందో అక్కడే కనబడుతుంది. అక్షరాలు చదవడానికి వచ్చేంతవరకు తగ్గించి సేవ్ చేయడమే. గింప్ విండోస్‌లోనూ ఉచితంగా నడుస్తుంది, లినక్స్ వేసుకోకపోయినా ఈ ఒక్క అలవాటు చేసుకోండి.

చివరి చోటు జిరాక్స్ సెంటర్. అక్కడ గోడ మీద ఒక నంబర్ ఉంటుంది, పీడీఎఫ్‌ని ఆ నంబర్‌కి వాట్సాప్ చేయమంటారు. వాట్సాప్‌లో 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అనిపిస్తుంది. ఉంది, కానీ అది దారిలో చూడకుండా కాపాడేది. ఆ దారి ముగిసేది షాపు కంప్యూటర్‌లోనే. అక్కడ వాట్సాప్ వెబ్ పొద్దుటినుంచి తెరిచే ఉంటుంది. ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. మనం పైసలిచ్చి వచ్చేశాక కూడా అక్కడే ఉంటుంది, ఎందరి ఆధార్లో, పెళ్లి కార్డులో, బ్యాంకు స్టేట్‌మెంట్లో వాటి మధ్యన. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటే, ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే పదో తరగతి మెమో పంపిన వాళ్ల విషయంలో అది దాచినట్టే కాదు.

ఇక్కడ ఏ ఆపరేటింగ్ సిస్టమూ సాయపడదు. పనికొచ్చేవి చిన్న చిన్న అలవాట్లు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ని ఆధార్ జారీచేసే ఉడాయ్ సంస్థ సైట్ నుంచే దించుకోవచ్చు. పూర్తి నంబర్ అడగని చోట అదే ఇవ్వండి. ప్రింట్ తీసుకెళ్లాల్సి వస్తే లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని డ్రాలో పీడీఎఫ్ తెరిచి, "స్కాలర్‌షిప్ కోసం మాత్రమే" అని తేదీతో అడ్డంగా రాసి మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. వాట్సాప్ కంటే ఆ ఒక్క ఫైలే ఉన్న పెన్‌డ్రైవ్ మేలు, పని అయ్యాక కాపీ ఏమైనా ఉంటే తీసేయమని అడగడానికి మొహమాటపడొద్దు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఆ హక్కు కౌంటర్ ముందు నిలబడి అడిగే మనిషికి కూడా ఉంది.

ఇంత చెప్పాక లినక్స్ ఎవరికి సరిపడదో కూడా చెప్పాలి. ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి లెక్కలు టాలీలో రాసుకునేవాళ్లు తొందరపడొద్దు, టాలీ విండోస్ ప్రోగ్రామ్. టెండర్లకి వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, వేలిముద్ర పరికరాలు ఉన్నవాళ్లు ముందు వాటి డ్రైవర్ సంగతి చూసుకోవాలి. ప్రింటర్లలో చాలావరకు హెచ్‌పీవి సులువుగా పనిచేస్తాయి. మన జిరాక్స్ సెంటర్లలో ఎక్కడ చూసినా కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో బాగా సతాయిస్తుంది, అది తనకే ప్రత్యేకమైన భాషలో మాట్లాడే ప్రింటర్.

డీటీపీ చేసేవాళ్ల సమస్య ఇంకా లోతైనది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, కంప్యూటర్ లోపల తెలుగుగా ఉండదు. వేరే అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ఆకారాలు అతికించి ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో, అది విండోస్ అయినా సరే, తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. వెతికితే దొరకదు, ఫోన్‌లో చదవలేం. ఇరవై ఏళ్లుగా కొట్టిన పుస్తకాలు, సావనీర్లు, కరపత్రాలు ఆ రూపంలోనే ఉండిపోయాయి. మనం రాసింది మనం చదువుకోవడానికి ఒక ప్రోగ్రామ్ మీద ఆధారపడాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. ఓపెన్ సోర్స్ గురించి నేను ఇంతగా పట్టుబట్టడానికి అదీ ఒక కారణం. ప్రతి తెలుగు అక్షరానికీ అన్నిచోట్లా ఒకటే కోడ్ ఉండే యూనికోడ్‌లో రాస్తే ఆ ఇబ్బంది లేదు. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంటుంది. మన బమ్మెర పోతన పేరుతో పోతన లేఅవుట్ కూడా ఉంటుంది. తెలుగులో కంప్యూటర్ కోసం 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ లాంటి సంస్థల వాలంటీర్లు ఈ పనుల్లో ఎంతో శ్రమ పెట్టారు.

వేసుకునే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి చూడండి, డిస్క్‌లో ఏదీ మారదు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, మీ ప్రింటర్ కనబడుతోందా చూసుకోండి. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే బయోస్‌లో చెయ్యి పెట్టగానే డిస్క్ తెరవనంటుంది. ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఫీచర్లలో ఎన్‌క్రిప్షన్ అనే ఎంపిక వస్తుంది. చాలామంది దాటేస్తారు, మీరు దాటేయకండి. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే, రిపేర్‌కి ఇచ్చినప్పుడు డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి లోపలున్నవన్నీ చదవొచ్చు. విండోస్‌కైనా లినక్స్‌కైనా ఇది వర్తిస్తుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌ని అలా చదవలేరు. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం సర్వీస్ సెంటర్ వాళ్లు గానీ, మింట్ చేసినవాళ్లు గానీ తిరిగి తెరవలేరు. దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్ పెట్టే బీరువాలో పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి ఆ కాగితం ఎక్కడుందో చెప్పండి.